పుట్టకి పాలు, పాముకి కర్ర

మొన్న వానాకాలంలో ఒక రాత్రి మా హాస్టల్ మెస్ వెనకాల పాము కనిపించింది. “పాము రోయ్” అని ఎవరో అరిచారు. రెండు నిమిషాల్లో రెండు ఫ్లోర్లు ఖాళీ, అందరూ కిందే. మనిషి ఎత్తు కంటే పొడుగుంది. గోధుమ రంగు. పాపం గోడ వారనే కాలువ వైపు దారి వెతుక్కుంటోంది. అది ఏ పామో మాలో ఒక్కడికీ తెలీదు. ఒకడు కర్ర తెచ్చాడు, ఇంకొకడు క్రికెట్ బ్యాట్ తెచ్చాడు. నేను ఫోన్ టార్చ్ పట్టుకున్నాను. కొట్టింది నేను కాదు అని చెప్పుకోవచ్చు. కానీ కొట్టడానికి వెలుతురు చూపించింది నేనే.

చంపాక దాన్ని కర్రకి వేలాడదీసి రీల్ తీశారు. వెనకాల ఒక మాస్ బీజీఎం. తెల్లారేసరికి లైకులు బాగానే వచ్చాయి, అందులో ఒకటి నాది. అదే వీడియో తాతయ్యకి వాట్సాప్‌లో పంపాను, మెచ్చుకుంటాడని. ఆయన వెంటనే ఫోన్ చేశాడు.

“జెర్రిపోతురా అది. మిమ్మల్నేం చేసింది?”

నేనేం మాట్లాడలేదు.

“మన చేలో ఉన్నా నాలుగు గింజలు మిగిల్చేది” అని ఫోన్ పెట్టేశాడు.

ఈ వ్యాసం ఆ ఫోన్ కాల్ వల్ల రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఐదో క్లాసులో ‘ఫుడ్ చెయిన్’ బొమ్మ గీసి పదికి పది తెచ్చుకున్నవాణ్ణి. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద, మధ్యలో బాణం గుర్తులు. ఆ బొమ్మలో పాము పేరు ‘స్నేక్’, అంతే. దానికి జెర్రిపోతు, నీరుకట్టె, కట్లపాము, రక్తపింజరి అని వేరు వేరు పేర్లున్నాయని, ఒక్కో పేరు వెనక ఒక్కో హెచ్చరిక ఉందని ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. మన బ్యాచ్‌లో సగం మంది నాలాంటి వాళ్లే అనుకుంటా. కాబట్టి ఇది లెక్చర్ కాదు. నేను టార్చ్ పట్టుకున్న రోజు తర్వాత తెలుసుకున్న సంగతులు, వాటి మీద నా అభిప్రాయం.

దివిసీమ, 2018

తాతయ్య వాళ్ల ఊరు దివిసీమలో, అవనిగడ్డకి దగ్గర. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి, సముద్రంలో కలిసేలోపు మధ్యలో మిగిల్చిన నేల అది. విజయవాడలో మనం ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి సెల్ఫీలు దిగుతామే, ఆ నీళ్లే కాలువల్లో పడి అక్కడిదాకా వెళ్తాయి. బ్యారేజీ కింద కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. సార్వాలో ఎటు చూసినా వరే. ‘జీవవైవిధ్యం’ అనగానే మనకి నల్లమల గుర్తొస్తుంది, పులి గుర్తొస్తుంది, మహా అయితే కొల్లేరు కొంగలు గుర్తొస్తాయి. వరిచేను మాత్రం గుర్తుకు రాదు. అది మనకి బియ్యం తయారయ్యే ఫ్యాక్టరీ లాంటిది.

2018 ఆగస్టు మీకు గుర్తుందో లేదో. నేను ఏడో క్లాసు. టీవీ పెడితే దివిసీమే. నెల తిరక్కుండానే వందమందికి పైగా పాము కాట్లకి గురయ్యారు. జనం చీకటి పడితే బయటికి రావడానికి భయపడ్డారు. ఆగస్టు 29న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడిలో సర్పశాంతి యాగం చేశారు. మోపిదేవి గురించి తెలిసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. అక్కడ స్వామిని కొలిచేదే పాము రూపంలో, పుట్టలో పాలు పోయడం అక్కడ మామూలు. హేతువాదులు మాత్రం, పాము కాటుకి యాగం ఏంటి అని గట్టిగానే విమర్శించారు.

ఆ సీజన్‌లోనే మా ఊళ్లో నాట్లకి వచ్చిన ఒకావిడకి గట్టు మీద పాము కాటేసింది. బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది. కానీ కాలి మీద పుండు మానడానికి నెలలు పట్టింది. ఆ సీజన్ మొత్తం కూలి పోయింది. తర్వాత నేను సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆవిడ అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది.

ఆవిడ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, “పాము పాపం, దాన్ని చంపకండి” అని నేను రాస్తే, ఆ మాట ఆవిడ ముందు నిలబడి కూడా చెప్పగలగాలి. షూ వేసుకుని, మూడో ఫ్లోర్‌లో మంచం మీద పడుకునే నాకు పాముల మీద ప్రేమ చాలా తేలిగ్గా వస్తుంది. మోకాళ్ల లోతు బురదలో ఒట్టి కాళ్లతో నిలబడే మనిషికి అంత తేలిగ్గా రాదు, రానక్కర్లేదు కూడా.

లెక్క కూడా చిన్నదేం కాదు. 2020లో మన దేశ, కెనడా, బ్రిటన్ పరిశోధకులు కలిసి వేసిన అంచనా ప్రకారం 2000 నుంచి 2019 వరకు భారతదేశంలో పాము కాటుతో చనిపోయినవాళ్లు సుమారు 12 లక్షలు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చావుల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే, అంటే నాట్లు వేసే కాలంలోనే.

మరి ఇంత తెలిసి కూడా పాముని చంపొద్దని ఎందుకంటున్నాను? ఎందుకంటే ఆవిణ్ణి కాపాడే పని కర్ర చెయ్యదు. ఎందుకు చెయ్యదో చెప్తాను.

ముందు ఎలుక, వెనక పాము

పాములు చేలోకి మన కోసం రావు, ఎలుక కోసం వస్తాయి. కప్ప కోసం కూడా. వరిచేలో ఎలుక చేసే నష్టం తినడం వల్ల కంటే కొరకడం వల్లే ఎక్కువ. దాని ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవాలంటే ఏదో ఒకటి కొరుకుతూ ఉండాలి. పిలకల్ని మొదట్లోకి కొరికి పడేస్తుంది. కంకి పడ్డాక వెన్నుల్ని కన్నంలోకి లాక్కెళ్లి దాచుకుంటుంది. మూడు వారాలకి ఒక ఈత, ఈతకి ఆరేడు పిల్లలు. గట్లకి కన్నాలు పడితే కట్టిన నీళ్లు నిలవవు.

దీన్ని పట్టుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. గుడ్లగూబ రాత్రి పైనుంచి పడుతుంది. పిల్లి గట్టు మీద కాపు కాస్తుంది. యానాదులు బుట్టలు పెట్టి, కన్నాలు తవ్వి పట్టేవాళ్లు. మా తాతయ్య చిన్నప్పుడు ఎలుకల కోసం వాళ్లని పిలిపించి, కూలి ఇచ్చి మరీ పట్టించేవాళ్లట. కానీ కన్నం లోపలికి దూరి, పిల్లలతో సహా ఖాళీ చేసి రాగలిగేది పాము ఒక్కటే. అందులోనూ జెర్రిపోతు. దానికి విషం లేదు. ఆరడుగులు దాటి పెరుగుతుంది, చురుగ్గా పాకుతుంది, చెట్టెక్కుతుంది, పొలాల్లో, ఊళ్ల అంచుల్లో, పాత గోడౌన్ల దగ్గర బతుకుతుంది. ఎలుక ఎక్కడుంటే అక్కడ.

ఇప్పుడు ఆగస్టులో ఏం జరుగుతుందో ఊహించుకోండి. కాలువలు వదిలారు, వానలు పడుతున్నాయి, చేలన్నీ నీళ్లు. కన్నాలు మునిగిపోతాయి. ఎలుక గట్టెక్కుతుంది, గడ్డివాము దగ్గరికి, ఇంట్లోకి చేరుతుంది. దాని వెనకే పాము. సరిగ్గా అప్పుడే నాట్ల కోసం మనుషులు కూడా ఆ గట్ల మీదే నడుస్తారు. ముగ్గురూ అడుగు వెడల్పు గట్టు మీద కలుస్తారు. యాగం చేసినా చెయ్యకపోయినా ఇది ప్రతి వానాకాలం జరిగేదే.

మనం చంపేది ఏ పాముల్ని? కనిపించిన వాటిని. పట్టపగలు కనిపించేవి, పొడుగ్గా ఉండేవి, పారిపోవడానికి ప్రయత్నించేవి. అంటే ఎక్కువగా జెర్రిపోతులు, నీరుకట్టెలు. మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. వీటిలో కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లని కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. రక్తపింజరి గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది, కాలు వేసేదాకా కనపడదు. కర్ర తీసుకుని వీటిని వెతికి చంపే మొనగాడు ఎవరూ లేడు. మనం చంపింది విషం లేనిదాన్ని. దాని వాటా ఎలుకలు బతికిపోయాయి. ఆ ఎలుకల కోసం రేపు రక్తపింజరి రావచ్చు.

జెర్రిపోతు మీద ఇంకో అపవాదు కూడా ఉంది. అది నాగుపాముతో జత కడుతుందని మన వైపు చాలామంది నమ్ముతారు. రెండు పాములు పెనవేసుకుని లేచి నిలబడటం చూసి పుట్టిన మాట అది. నిజానికి చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే. కుస్తీ పడుతుంటాయి. మనం దాన్ని లవ్ స్టోరీ అనుకుని, అందులో ఒకదాన్ని నాగుపాముని చేసి, రెండిటినీ చంపుతాం.

వోల్టెర్రా లెక్క

ఇక్కడ మన బ్రాంచి వాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటుంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చదివేటప్పుడు లోట్కా, వోల్టెర్రా మోడల్ ఎక్కడో తగిలే ఉంటుంది. ఒక వేటాడే జంతువు, ఒక వేట. రెండు ఈక్వేషన్లు. పైథాన్‌లో ఇరవై లైన్లు రాస్తే రెండు అలలు వస్తాయి. వేట పెరిగితే కాస్త ఆలస్యంగా వేటగాడు పెరుగుతాడు, దాంతో వేట తగ్గుతుంది, తర్వాత వేటగాడూ తగ్గుతాడు, మళ్లీ మొదటికి. ల్యాబ్‌లో ప్లాట్ తీసి, స్క్రీన్‌షాట్ పెట్టి వదిలేశాను. అది ఎక్కడ పుట్టిందో మొన్నే తెలిసింది.

మొదటి ప్రపంచయుద్ధం అప్పుడు ఆడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గిపోయింది. డాంకోనా అనే ఇటలీ శాస్త్రవేత్త తర్వాత రేవుల్లో అమ్మిన చేపల లెక్కలు తీశాడు. ఫియూమే రేవులో షార్కుల్లాంటి వేటాడే చేపల వాటా 1914లో 12 శాతం దగ్గర ఉంటే 1918కి 36 శాతం అయింది. వేట తగ్గితే మనం తినే చేపలు పెరగాలి కదా, వాటిని తినేవి ఎందుకు ఎక్కువ లాభపడ్డాయి? ఈ ప్రశ్న గణిత శాస్త్రవేత్త వీటో వోల్టెర్రా దగ్గరికి వెళ్లింది. ఆయన 1926లో లెక్క కట్టి జవాబు చెప్పాడు. అమెరికాలో లోట్కా అంతకుముందే విడిగా అవే ఈక్వేషన్లు రాశాడు.

ఆ జవాబు మామూలు మాటల్లో ఇది. వేటగాణ్ణీ వేటనీ రెండిటినీ ఒకేలా చంపే పని ఏదైనా మొదలుపెడితే, సగటున వేట పెరుగుతుంది, వేటగాడు తగ్గుతాడు. ఆ చంపడం ఆపితే తిరగబడుతుంది. ఎందుకంటే వేటగాడికి రెండు దెబ్బలు: తనూ చస్తాడు, తన తిండీ పోతుంది. వేటకి ఒక దెబ్బ, ఒక లాభం: కొన్ని చస్తాయి గానీ తమని తినేవాడు పోతాడు. పైగా వేట త్వరగా పిల్లల్ని పెడుతుంది. ఎలుకకి మూడు వారాలు చాలు. జెర్రిపోతు సాధారణంగా ఏడాదికి ఒక విడతే గుడ్లు పెడుతుంది.

నేను ఆ పాత ప్రోగ్రాం మళ్లీ తెరిచి, రెండిటికీ కొంచెం చావు కలిపి రన్ చేశాను. ఎలుకల గీత సగటున పైకి జరిగింది, పాముల గీత కిందకి జరిగింది. నిజం పొలం రెండు ఈక్వేషన్లంత సులువు కాదని తెలుసు. పాము ఎలుకనే తినదు, ఎలుకకి పాము ఒక్కటే శత్రువు కాదు. అయినా ఆ ప్లాట్ చూస్తుంటే హాస్టల్ వెనకాల గోడ గుర్తొచ్చింది. మనం చేసేది అదే కదా. ఎలుకకి మందు పెడతాం, పాముని కర్రతో కొడతాం. మందు తిని తూలుతున్న ఎలుకని గుడ్లగూబ తింటే ఆ విషం దానికీ ఎక్కుతుంది. ముగ్గుర్నీ చంపుతున్నాం. ముగ్గుర్లో ముందు తేరుకునేది ఎలుకే.

సుడిదోమ చెప్పిన పాఠం

ఇది పాములకే పరిమితమైతే ఇంత రాసేవాణ్ణి కాదు. వరిలో పురుగుల కథ కూడా ఇదే.

సుడిదోమ పేరు డెల్టాలో ఎవరినడిగినా చెప్తారు. వరి దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. చేను సుళ్లు సుళ్లుగా ఎండిపోతుంది, అందుకే ఆ పేరు. నిన్న పచ్చగా ఉన్న చేలో ఇవాళ తగలబెట్టినట్టు గుండ్రటి మచ్చ కనిపిస్తే ఏ రైతుకైనా గుండె జారిపోతుంది. మందు కొడతాడు. కొడితే ఏమవుతుంది? దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల ఉంటాయి, మందు అక్కడికి సరిగా చేరదు. మొక్క మీదా నీళ్ల మీదా తిరుగుతూ దోమని తినే సాలీళ్లు, గుడ్లని పీల్చేసే మిరిడ్ నల్లులు మాత్రం బయటే ఉంటాయి, అవి పోతాయి. కొన్నాళ్లకి గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తే చేలో వాటిని ఆపేవాళ్లే ఉండరు. మళ్లీ మందు. ఈసారి డోసు పెంచి. వోల్టెర్రా లెక్కే, మడిలో.

దీన్ని ఒక దేశం మొత్తం చూసింది. ఇండోనేషియాలో ప్రభుత్వమే సబ్సిడీ ఇచ్చి పురుగు మందులు వాడించింది. సుడిదోమ తగ్గకపోగా విజృంభించింది. చివరికి 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల పురుగు మందులని నిషేధించాడు. తర్వాత సబ్సిడీ కూడా ఎత్తేశారు. రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి ఏది శత్రు పురుగో ఏది మిత్ర పురుగో గుర్తుపట్టడం నేర్పారు. వరి దిగుబడి పడిపోలేదు.

మన దేశం కప్పల విషయంలో ఇలాంటి పాఠమే నేర్చుకుంది. ఒకప్పుడు మడుల్లో కప్పల్ని పట్టి, వాటి కాళ్లు విదేశాలకి ఎగుమతి చేసేవాళ్లు. పురుగుల్ని తినే కప్పల్ని అమ్మేసి, ఆ పురుగుల్ని చంపడానికి మందులు కొనుక్కోవడం ఏం లెక్క అని వాదన మొదలైంది. 1987లో ఆ ఎగుమతిని నిషేధించారు. అంతకుముందు 1976లో పాము చర్మాల ఎగుమతి ఆపారు. ఆ చర్మాల్లో జెర్రిపోతువి బోలెడు. తమిళనాడులో చర్మాల కోసం పాముల్ని పట్టే ఇరులర్లు 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల్ని చంపకుండా విషం తీసి, మళ్లీ వదిలే పనిలోకి మారారు. మన దేశంలో పాము కాటు విరుగుడు మందు తయారీకి ఎన్నో ఏళ్లుగా విషం ఎక్కువగా వాళ్ల దగ్గర నుంచే వెళ్తోంది. మా ఊరి ఆవిడ ఒంట్లోకి ఎక్కించిన మందు వెనక కూడా బతికున్న పాములే ఉన్నాయి.

తాతయ్యతో గొడవ

ఇదంతా చదివి పెద్ద జ్ఞానిలా తాతయ్యకి ఫోన్ చేశాను. మందు కొట్టడం తగ్గించమని చెప్పాను. ఆయన నవ్వాడు.

“పాముని చంపినోడివి నువ్వు. క్లాసు నాకా?”

తర్వాత ఆయన చెప్పినవి నా దగ్గర జవాబు లేనివి. ఆయనకి సొంత చేను ఎకరం. మిగతాది కౌలు. కౌలు బస్తాల్లో కట్టాలి, పంట పండినా పండకపోయినా. పక్క చేలో వాడు మందు కొట్టి మనం కొట్టకపోతే దోమ మన చేలోకి వస్తుందని భయం. పురుగు మందు కొట్టులో అప్పు ఇస్తారు. ఆగి లెక్కపెట్టి చూద్దాం అనేవాడికి ఎవరూ అప్పు ఇవ్వరు. “నువ్వు చెప్పింది నిజమే అయినా, ఒక్క ఏడు తేడా కొడితే కౌలు నువ్వు కడతావా?” అన్నాడు. అందుకే రైతుని తిట్టే వ్యాసాలంటే నాకు ఇప్పుడు చిరాకు. ప్రమాదం అంతా ఒక్కడి నెత్తిన పెట్టి, ప్రకృతి అందరిదీ అంటే ఎలా?

కానీ ఆయనే కొన్ని ఒప్పుకున్నాడు. నాటేటప్పుడు రెండు మీటర్లకి ఒక కాలిబాట వదిలితే దుబ్బు మొదట్లోకి గాలి, వెలుతురు వెళ్లి సుడిదోమ తగ్గుతుంది. యూరియా ఎక్కువేస్తే దోమ ఎక్కువొస్తుంది. దుబ్బు తట్టి నీళ్లలో పడ్డ దోమలెన్ని, సాలీళ్లెన్ని అని చూసి, అవసరమైతేనే కొట్టాలి. ఇవన్నీ వ్యవసాయ శాఖ వాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నవే. ఎలుకల కోసం పొలంలో పక్షులు వాలడానికి టి ఆకారంలో కర్రలు పాతమనీ చెప్తారు. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం కూడా నడుస్తోంది. తెలియక కాదు, ధైర్యం చాలక. ఆ ధైర్యం ఇవ్వాల్సింది పంట బీమా, కౌలు కార్డు, ఊరంతా కలిసి తీసుకునే నిర్ణయం. ఒక రైతు ఒక్కడే మంచివాడైతే జరిగేది కాదు. ఎలుకకి గట్టు హద్దు కాదు, దోమకీ కాదు.

ఇంకో మాట కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ‘సమతుల్యం’ అనే పదం వినగానే నేను తక్కెడ ఊహించుకునేవాణ్ణి, రెండు వైపులా కదలకుండా. పొలం అలా ఉండదు. ఒక ఏడు ఎలుకలు పెరుగుతాయి, ఒక ఏడు కప్పలు. అలల్లా ఊగుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు పెరిగినప్పుడు వాళ్లని కిందకి లాగేవాళ్లు చేలో మిగిలి ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. సమతుల్యం అంటే ఆ మిగిలి ఉండటమే అని నా అభిప్రాయం.

మనం చెయ్యగలిగింది

కౌలు సంగతి మన చేతిలో లేదు. హాస్టల్ వెనక గోడ మన చేతిలో ఉంది. ఇప్పుడు కాలేజీ బిల్డింగులున్న చోట కూడా ఒకప్పుడు మాగాణే. ఆ పాము మన ఇంటికి వచ్చిందో, మనం దాని ఇంటికి వచ్చామో నాకు తెలీదు. నేను అడిగేవి నాలుగే.

ఒకటి, మెస్ వెనకాల అన్నం, కూరలు పారబోసే చోటు మూత పెట్టి ఉంచాలి. ఎలుకలు అక్కడికే వస్తున్నాయి. ఎలుక రాకపోతే పాముకి మనతో పని లేదు.

రెండు, పాము కనిపిస్తే పిలవాల్సిన అటవీ శాఖ నంబరు, పాములు పట్టేవాళ్ల నంబరు గేటు దగ్గర, ప్రతి ఫ్లోర్‌లో రాసి పెట్టాలి. ఆ రాత్రి మా దగ్గర ఆ నంబరు లేదు, బ్యాట్ ఉంది. జెర్రిపోతుని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం అని కూడా ఆ కాగితం మీదే రాయండి. రీల్ అంటే మన నేరానికి మనమే తయారుచేసి పెట్టిన సాక్ష్యం.

మూడు, ఆ నాలుగు విషప్పాముల ఫొటోలు, తెలుగు పేర్లతో ఒక చార్టు. కింద ఇంకో నాలుగు లైన్లు: కాటేస్తే కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, మంత్రం దగ్గరికి వెళ్లొద్దు. ఉంగరాలు, కడియాలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికే వెళ్లాలి. పాముని పట్టుకెళ్లక్కర్లేదు, మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు ఆ నాలుగింటికీ కలిపి చేసిందే.

నాలుగు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఇంటికి వెళ్లినప్పుడు ఒక టార్చ్ లైటు, ఒక దోమతెర కొనివ్వండి. తెర అంచులు పరుపు కిందకి దోపుకుని పడుకుంటే కట్లపాము లోపలికి రాలేదు. దేశంలో పాము కాటు మరణాల్ని 2030 కల్లా సగం చెయ్యాలని కేంద్రం 2024లో ప్రణాళిక పెట్టుకుంది. అది ఢిల్లీలో కాదు, ఇలాంటి గదుల్లోనే జరగాలి.

యాగం గురించి నా అభిప్రాయం అడిగితే, నేను నవ్వను. మా అమ్మమ్మ ప్రతి నాగుల చవితికీ పుట్ట దగ్గరికి వెళ్తుంది. పాము పాలు తాగదని నేను చెప్తే, “తాగుతుందని పోస్తున్నానా, మా జోలికి రాకు, మేమూ నీ జోలికి రామని చెప్పుకోడానికి పోస్తున్నా” అంది. ఆ ఒప్పందం నాకు నచ్చింది. నా గొడవల్లా ఒకటే. చవితి రోజు ఒప్పందం చేసుకుని, తెల్లారి కర్ర పట్టుకుంటే అది ఒప్పందం కాదు. దండంతో పాటు ఆసుపత్రిలో మందు ఉండాలి, కాళ్లకి బూట్లుండాలి.

బూట్లంటే గుర్తొచ్చింది. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ వస్తే తాతయ్యకి గంబూట్లు కొన్నాను. దమ్ము చేసిన చేలో అవి పనికిరావట, బురదలో దిగబడిపోతాయి, లాగితే కాలొస్తుంది గానీ బూటు రాదు. అది కూడా నాకు తెలీదు. రాత్రిళ్లు నీళ్లు కట్టడానికి గట్టు మీద వెళ్లేటప్పుడు మాత్రం వేసుకుంటున్నాడు. నాట్లు వేసే ఆడవాళ్లకి బురదలో నడవడానికి ఏం వేసుకుంటే బాగుంటుందో ఇంకా ఎవరూ సరిగ్గా తయారు చెయ్యలేదని ఆయన అన్నాడు. మనది ఇంజనీరింగ్ కాలేజీ. మెకానికల్ వాళ్లెవరైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే, ఇదొకటి ఉంది. మా ఊరి ఆవిడ ఈ సార్వాకి కూడా నాట్లకి వెళ్లింది. ఒట్టి కాళ్లతోనే.